ఉప్పెన తర్వాత ఇల్లు ఎవరిది?

నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసంలో 'ఉప్పెన' అన్న మాట వందసార్లకు పైగా వచ్చి ఉంటుంది. మా చిన్నమ్మమ్మ ప్రస్తావన మాత్రం ఒక్కసారీ లేదు. ప్రకృతి విపత్తుల మీద వచ్చిన తెలుగు కవిత్వం నా పరిశోధనాంశం. అందులో ఒక అధ్యాయమంతా దివిసీమ ఉప్పెన. ఆ అధ్యాయం రాస్తున్న రోజుల్లో, ఆ ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి మా ఇంట్లోనే ఉంది. నాకు వేళకింత అన్నం పెడుతూ, "ఇంకెన్ని పేజీలే తల్లీ" అని అడుగుతూ ఉంది. ఇంటి సంగతులు వేరు, సాహిత్య పరిశోధన వేరు అని పెద్దలు చెబితే నేనూ నమ్మాను. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగమూ వచ్చి, ముప్పై దాటాక ఇప్పుడు ఆ అధ్యాయాన్ని మళ్ళీ రాయాలనిపిస్తోంది. ఈ వ్యాసం దానికి మొదటి ప్రయత్నం.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. సార్వా వరి కోతకొచ్చిన రోజులు. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. మన తీరంలో తుఫాను కేంద్రానికి కుడిపక్క ఉన్న ప్రాంతం మీదికి గాలి సముద్రం నుంచి నేలవైపుకు వీస్తుంది. సముద్రాన్ని ఎత్తి ఊళ్ళ మీద పోసేది ఆ గాలే. ఆ కుడిపక్కన ఉన్నది దివి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, తెచ్చిన ఒండ్రు పోసి తయారుచేసిన నేల అది. ఎక్కడానికి ఒక గుట్ట లేదు. అయిదారు మీటర్ల ఎత్తున లేచిన నీళ్ళు మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చేశాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాగాయలంక, కోడూరు - ఆ తరం వాళ్ళకు ఇవి ఊళ్ళ పేర్లుగా కాక చావుకబుర్లుగా గుర్తు. సుమారు వంద ఊళ్ళు మునిగాయి, కొన్ని కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళు అధికారిక లెక్కలో దాదాపు పదివేలు. జనం చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. గూడు పోయినవాళ్ళు మొత్తం మీద 34 లక్షల మంది.

ఆ తీరానికి ఇది మొదటిసారి కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేలమంది చనిపోయారు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా గడిచినా, కరకట్ట దిగువన తాటాకు పాకల్లో బతికేవాళ్ళకు తలదాచుకునే చోటు లేదు.

1977 కథ మనకు ఎలా అందిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా విరాళాలు పోగుచేయడం మా అమ్మ తరమంతా చెప్పుకునే దృశ్యం. దివి నాయకుడు మండలి వెంకటకృష్ణారావు పునర్నిర్మాణానికి పడ్డ పాట్లు ఆ ప్రాంతం ఇప్పటికీ మరిచిపోలేదు. విజయవాడ నాస్తిక కేంద్రం మొదలుకొని క్రైస్తవ సంస్థలు, రామకృష్ణ మిషన్ దాకా ఎందరో వచ్చి పనిచేశారు. సాహిత్యంలో నగ్నముని 'కొయ్యగుర్రం' వచ్చింది. పాలకుల్ని నిలదీసిన ఆ దీర్ఘకవిత మీద నేనే ముప్పై పేజీలు రాశాను. అవనిగడ్డలో స్మారక స్తూపం లేచింది. ఏటా నవంబరు 19న అక్కడ పూలు పెడతారు. వీటిలో ఏదీ తక్కువ చేయదగ్గది కాదు. కానీ ఈ కథలో స్త్రీ ఎక్కడ కనిపిస్తుందని చూస్తే, పిల్లవాడి శవాన్ని గుండెలకు హత్తుకున్న తల్లిగా కనిపిస్తుంది. ఆ తర్వాతి ఏడాది, ఆ తర్వాతి పదేళ్ళు ఆమె ఏంచేసిందో, ఆమెకేమయిందో కథ చెప్పదు.

మా చిన్నమ్మమ్మ అవనిగడ్డ స్తూపం దగ్గరికి ఎన్నడూ వెళ్ళలేదు. చల్లపల్లిలో మా ఇంట్లో ఆ రోజు పొద్దున్నే లేచి తలంటు పోసుకుంటుంది. నెరిసిన జుట్టు ఆరబెట్టుకుంటూ పెరట్లో కూర్చుంటుంది. అంతే. రెండేళ్ళ క్రితం అలా కూర్చున్నప్పుడు నేను పక్కన చేరి అడిగాను. రికార్డర్ పెట్టుకోనా అంటే, "పెట్టుకో, నాకేం సిగ్గా" అంది.

అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. నాగాయలంకకు దిగువన, సముద్రానికి ఆరేడు మైళ్ళలో ఉన్న పల్లె. కౌలు వ్యవసాయం. ఏడేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు. భర్త ఆ రోజు పనిమీద బందరు వెళ్ళాడు.

"గాలి అనుకున్నాం గాని నీళ్ళొస్తాయనుకోలేదే. పాక కప్పు లేచిపోయింది. ముందు పాదాలకి చల్లగా తగిలింది. వాననుకున్నా. నోట్లో పడితే ఉప్పగా ఉంది. అప్పుడు తెలిసింది. పిల్లోణ్ణి వీపున ఎక్కించుకుని, పిల్లను చంకనెత్తుకున్నా. తాటిచెట్లు ఎక్కిన మగాళ్ళు కొందరు బతికారు. తడిసిన కోకతో, ఇద్దరు పిల్లల్తో నేనేం ఎక్కను? ఆ కోకే కాళ్ళకు చుట్టుకుంది. పిల్లలెప్పుడు జారారో తెలీదు. అది మాత్రం నన్నడగమాకు."

నేను అడగలేదు.

తెల్లారేసరికి ఆమె సర్కారుతుమ్మ పొదలో ఉంది. జుట్టంతా ముళ్ళలో చిక్కుకుపోయింది. వెనక్కి మళ్ళిన నీళ్ళు ఎందరినో సముద్రంలోకి లాక్కుపోయాయి. ఈమెను పట్టి ఆపింది ఆ జుట్టే. విడిపించడానికి వచ్చినవాళ్ళు కొడవలితో కోసేశారు. మా తాతయ్య, అంటే ఆమె బావగారు, చల్లపల్లి నుంచి నడుచుకుంటూ, శవాల ముఖాలు చూసుకుంటూ మూడోరోజుకు ఆ పల్లె చేరాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఆయన గుర్తుపట్టలేదు.

చీర, జుట్టు, చంకలో పిల్లలు, ఈత రానివ్వని, చెట్టెక్కనివ్వని పెంపకం - ఇవన్నీ స్త్రీల చావులకు కారణాలని తర్వాతి కాలంలో ఇతర దేశాల్లో లెక్కలతో సహా రుజువైంది. 1991 బంగ్లాదేశ్ తుఫానులో ఇరవై నుంచి నలభై నాలుగేళ్ళ మధ్య వయసు వాళ్ళలో ప్రతి వెయ్యిమంది పురుషులకు 15 మంది చనిపోతే, ప్రతి వెయ్యిమంది స్త్రీలకు 71 మంది చనిపోయారు. నీళ్ళకు ఆడా మగా తేడా లేదంటాం. నీళ్ళొచ్చే వేళకు ఎవరు ఎక్కడున్నారు, ఎవరి చేతుల్లో ఏముంది అన్నదాంట్లో బోలెడంత తేడా ఉంది.

చావుల సంగతి మన స్త్రీవాదులు కొంత మాట్లాడారు. నేను చెప్పాలనుకుంటున్నది బతికినవాళ్ళ సంగతి.

పది పన్నెండు రోజుల తర్వాత లెక్కలు రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చాడు. కుటుంబ యజమాని ఎవరు, చనిపోయినవారెందరు, పోయిన పశువులెన్ని. చిన్నమ్మమ్మ భర్త అప్పటికి తిరిగొచ్చాడు గాని, ఆ పూట బియ్యం కోసం అవనిగడ్డ వెళ్ళాడు. గుమాస్తా ఈమెను చూశాడు. కత్తిరించిన జుట్టు. పుస్తెలు నీళ్ళలో పోయాయి. చేతులకు గాజుల్లేవు. అడగకుండానే 'విధవ' అని రాసుకుని ఆమె పేరు అడిగాడు.

"పేరు చెప్పాను. రాసుకున్నాడు. అప్పుడు పక్కనున్న ముసలమ్మ, 'అయ్యో, దానికి మొగుడున్నాడు బాబూ' అంది. నేను కూడా గబగబా, 'ఉన్నాడండీ, చల్లగా ఉన్నాడు' అన్నా. గుమాస్తా నాలిక్కరుచుకుని, నా పేరు కొట్టేసి ఆయన పేరు రాసుకున్నాడు." కాసేపు ఆగి నవ్వింది. "ఆ పూట నోరు మూసుకునుంటే ఇల్లు నా పేరున వచ్చేదే."

ఆ నవ్వు నా రికార్డర్లో ఉంది. దివిసీమ పునరావాసం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఆ నవ్వు ముందు కొత్తగా చదువుకోవలసినవిగా అనిపించాయి. భర్త లేకపోతేనే ఇంటికి యజమాని కాగల మనిషి స్త్రీ. భర్త బతికున్న క్షణం నుంచి ఆమె పేరు కొట్టివేతే. గుమాస్తాది దుర్మార్గం కాదు. ఆ కాగితంలో అతనికిచ్చిన గడి ఒక్కటే.

మా కుటుంబానికి కనీసం ఆ గడి దొరికింది. "మన పాలేనికి దిగువన యానాదుల గుడిసెలుండేవి. కోతలకొచ్చిన పరాయి ఊళ్ళ కూలీలు ఉండేవాళ్ళు. వాళ్ళ లెక్క ఎవరు చెప్తారు, చెప్పేవాళ్ళు మిగిల్తేగా" అని ఆమే గుర్తుచేసింది. ఎవరి పేరు కొట్టేశారో నేను అడుగుతున్నాను. అసలు రాయని పేర్లూ ఉన్నాయని చదువురాని ఆమె నాకు నేర్పింది.

ఆ తర్వాతి రెండేళ్ళూ పనే పని. పొలాల్లో బురద, ఇసుక, పశువుల కళేబరాలు. తాగే నీళ్ళ చెరువులు ఉప్పు తేలిపోయాయి. బావుల్లో నీళ్ళు చేదలతో తోడి పారబోయడం, మళ్ళీ ఊరిన నీళ్ళు నాలుకకు రాసుకుని చూడడం, మళ్ళీ తోడడం - ఈ పని ఆడవాళ్ళది. నీళ్ళు తియ్యబడ్డాయో లేదో ఏ పరీక్షా లేకుండా చెప్పగలిగింది వాళ్ళే. ఒక బిందె మంచినీళ్ళ కోసం కాలవ గట్టు వెంట మైళ్ళు నడిచింది వాళ్ళే. ఉప్పు పట్టిన నేలను కాలవనీళ్ళు పెట్టి కడిగాక మొదటిసారి నాట్లు వేసిందీ, మొలక చచ్చిన చోట మళ్ళీ వేసిందీ వాళ్ళే. చేపలు ఎండబెట్టి, తట్టల్లో మోసుకెళ్ళి అమ్మి, పాక మీదికి తాటాకు కొన్నవాళ్ళున్నారు. తల్లి పోయిన పక్కింటి పసిపిల్లలకు పాలిచ్చిన వాళ్ళున్నారు. పునరావాసం అంటే ఇన్ని ఇళ్ళు, ఇన్ని తుఫాను షెల్టర్లు, ఇన్ని మైళ్ళ సరుగుడు తోట అని లెక్క తేలుతుంది. ఒక బావి నీళ్ళు మళ్ళీ తియ్యబడ్డానికి ఎన్ని చేదలు తోడారో లెక్కలో ఉండదు. ఎందుకంటే ఇల్లు కట్టడం పని, నీళ్ళు తోడడం ఆడదాని రోజువారీ.

1979లో కాలనీ ఇల్లు చేతికొచ్చింది. ఒక గది, ఒక వరండా, పక్కా కప్పు. ఇల్లొచ్చిన ఏడాదికే చిన్నమ్మమ్మ ఆ ఇంటినుంచి వచ్చేసింది.

అసలు సంగతి ఇక్కడుంది. 1976లో ఆమెకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఎమర్జెన్సీ రోజులు, టార్గెట్ల రోజులు. 1976-77 ఆర్థిక సంవత్సరంలో దేశం మొత్తం మీద ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువ భాగం మగవాళ్ళకు. మా ఇంట్లో మాత్రం "ఆయన పొలం పని చేసుకోవాలి కదా" అని ఈమెను తీసుకెళ్ళారు. ఇద్దరున్నారు, చాలనుకున్నారు. ఏడాది తిరక్కుండా ఇద్దరూ లేరు. ఉప్పెన తర్వాత ఆ పల్లెలో పిల్లలు పోయిన ఇళ్ళల్లో మళ్ళీ ఉయ్యాలలు కట్టారు. ఈ ఇంట్లో కట్టలేదు. "వంశం" అన్న మాట అత్తగారి నోట మొదలై, కులపెద్దల దాకా వెళ్ళింది. భర్త ఏడ్చాడట. "ఆయన చెడ్డోడు కాదే. పిల్లల్ని తల్చుకుని నాకంటే ఎక్కువ ఏడ్చేవాడు" అంటుంది ఇప్పటికీ. ఏడుస్తూనే రెండో పెళ్ళి చేసుకున్నాడు. కొత్త కోడలు కాలనీ ఇంట్లో అడుగుపెట్టిన నెలకు ఈమె చల్లపల్లిలో అక్క ఇంటికి వచ్చేసింది. హాస్టల్లో వంటపనికి కుదిరింది. పాతికేళ్ళు ఆ పని చేసింది.

ప్రభుత్వం లెక్కలో ఆ ఇల్లు పునరావాసం పొందిన ఒక కుటుంబం.

2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడులో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు ఆపరేషన్ తిరగదోడే చికిత్సకు ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుంది. ఆ సంగతి నేను చదివి వినిపిస్తే చిన్నమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మంచిదే. అయినా అక్కడ ఇల్లు ఎవరి పేరున రాశారే?" అని అడిగింది. ఆ రాష్ట్రంలో సునామీ ఇళ్ళు భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలని నిర్ణయించారని చెప్పాను. "అదీ" అంది. స్త్రీకి మళ్ళీ తల్లయ్యే అవకాశం ఇస్తే ఆమె కోలుకున్నట్టేనని అనుకునే చోట, ఆమె అడిగిన ఈ చిన్న ప్రశ్న నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ ఇంత సూటిగా కనిపించలేదు.

ఇదంతా చెప్పి, ఆ ఇళ్ళూ షెల్టర్లూ దండగ అనడం నా ఉద్దేశం కాదు. 1990 మే 9న దాదాపు అదే తీరం మీదికి మరో పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి హెచ్చరిక ముందే అందింది. లక్షలమందిని తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యిలోపే. పదమూడేళ్ళలో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. ఆ రాత్రి చిన్నమ్మమ్మ ఆ పల్లెలోనే ఉంది. అత్తగారు మంచాన పడితే చేసేవాళ్ళు లేరని కబురుపెడితే వెళ్ళింది. వదిలేసిన కోడలికి కూడా ఆ హక్కు, అంటే చాకిరీ హక్కు, ఎవరూ కాదనలేదు. చీకటి పడకముందే అందరూ షెల్టరుకు చేరారు. సవతికి ఇద్దరు పిల్లలు. చిన్నది ఆడపిల్ల. ఒకర్ని ఆమె ఎత్తుకుంటే ఒకర్ని ఈమె ఎత్తుకుంది. "రాత్రంతా ఆ పిల్ల జడ నా చేతికి చుట్టుకుని కూర్చున్నా. తెల్లారాక వదిలా. అరుగు మీద దాని తల్లి నాకు చాప వేసింది. అప్పటిదాకా మేం మాట్లాడుకోలా."

కృష్ణా డెల్టాలో 1977 తర్వాతి దశాబ్దాన్ని పరిశీలించి పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1992లో ఒక పుస్తకం రాశాడు. పక్కా ఇళ్ళు, షెల్టర్లు ఎన్ని కట్టినా, భూమి, ఆస్తి, నిర్ణయాల్లో మాట లేనివాళ్ళు తుఫానుకు ముందెంత బలహీనులో తర్వాతా అంతే బలహీనులుగా మిగులుతారన్నది ఆయన వాదన. ఆ వాదనను నేను ఊరి నుంచి ఇంటి గడప లోపలికి తీసుకెళ్ళాలనుకుంటున్నాను. పేదవాడికి భూమి లేదు నిజమే. ఆ పేదవాడి పేరున వచ్చిన ఇంట్లో అతని భార్యకు చోటు అతను ఉంచినంత కాలమే.

చిన్నమ్మమ్మ భర్త 2003లో పోయాడు. ఇల్లు కొడుకు పేరుకు మారింది. అప్పుడు సవతి చల్లపల్లి వచ్చి, మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. కోడలు సరిగా చూడటం లేదని కాదు. మందుకో పిండికో అప్పు తేవాలంటే కూడా ఆ ఇంట్లో తన పేరున చిల్లిగవ్వ లేదని. పాతికేళ్ళపాటు మా అమ్మా వాళ్ళూ 'ఆవిడ' అంటూ కోపంగా చెప్పుకున్న మనిషి ఆమె. తన చోటు లాక్కుందని మేమంతా అనుకున్న మనిషికి ఆ చోటు ఎప్పుడూ లేదు. ఈ సంగతి చిన్నమ్మమ్మకు మాకంటే ముందే తెలుసు. అందుకే ఆమె ఎన్నడూ సవతిని తిట్టగా నేను వినలేదు.

'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగిన వాళ్ళం మనం. తెలంగాణ పోరాటంలో స్త్రీల గొంతులు వినిపించడానికి మన ముందుతరం రికార్డర్లు పట్టుకుని ఊళ్ళు తిరిగింది. వాళ్ళు విన్నది ఒక ఉద్యమం గురించి. బావి తోడడం, బియ్యం వరసలో నిలబడడం, పేరు కొట్టేయించుకోవడం ఉద్యమాలు కావు గనక వీటిని ఎవరూ అడగరు, చెప్పేవాళ్ళూ తమది చరిత్ర అనుకోరు. 1977లో పాతికేళ్ళున్న వాళ్ళకు ఇప్పుడు డెబ్భై దాటాయి. నాగాయలంక, కోడూరు మండలాల్లో ఇంకా కొందరున్నారు. మన దగ్గర సమయం ఎక్కువ లేదు. దివికి దగ్గర్లో ఉన్న అధ్యాపకురాళ్ళు, రచయిత్రులు తమ తమ ఇళ్ళలోంచే మొదలుపెడితే బాగుంటుందని నా కోరిక.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు ముప్పై లక్షల ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో ఒకటి ఆ సవతి కోడలికి వచ్చింది. ఊరికి దూరంగా, పల్లంలో ఉన్న సెంటున్నర స్థలం. వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. ఇల్లు ఎప్పటికవుతుందో అప్పటికి తెలీదు. అయినా ఆ పిల్ల కాగితం తీసుకుని చల్లపల్లి వచ్చింది, చిన్నమ్మమ్మకు చూపించడానికి. ఈమెకు చదువు రాదు. కాగితం నా చేతికిచ్చి చదవమంది. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు చదువుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ తర్వాత. పేరెక్కడుందో చూపించు."

చూపించాను. కళ్ళజోడు సవరించుకుని, కాగితం వెలుతురులోకి తిప్పి, ఆ మూడక్షరాల కిందా మీదా కొట్టివేత ఏమైనా ఉందేమోనని చూసింది.